ఎర్ర పేజీలో ఎడమ కన్ను

అంటే, మీరు గోనెసంచి మీద ముద్ర చూసే ఉంటారు గానీ, ఆ ముద్ర వేసే చెక్కను మాత్రం ఎప్పుడూ చేతిలోకి తీసుకుని ఉండరు. తీసుకుంటే నవ్వొస్తుంది. దాని మీద అక్షరాలన్నీ తిరగబడి ఉంటాయి. అద్దంలో పెట్టి చూస్తే తప్ప చదవలేం. జహీరాబాద్ గంజ్ మార్కెట్‌లో అల్లం సంచుల మీదా ఆలుగడ్డ సంచుల మీదా కనిపించే ముద్రల్లో సగం గురులింగప్ప చెక్కినవే. టేకు ముక్క ఒళ్లో పెట్టుకుని, చిన్న ఉలితో సేటు పేరును వెనక నుంచి ముందుకు చెక్కేవాడు. అక్షరం తప్పుపోతే సేటు ఊరుకోడు కదా. అందుకని అక్షరాలు తిప్పి చెక్కడం అతని చేతికి అలవాటైపోయింది.

బొమ్మలు మాత్రం తిప్పేవాడు కాదు. నెమలి గానీ సింహం గానీ, మనసులో ఎలా ఉంటే అలాగే చెక్కేవాడు. అచ్చులో అది అటుది ఇటు అయ్యేది. ఎవరన్నా అడిగితే, "నెమలి కుడికి జూస్తేంది, ఎడమకు జూస్తేంది? ఎటు జూసినా నెమలే గదా" అనేవాడు. నిజమే కదా అనుకునేవాళ్లు అందరూ.

ఈ సంచుల పని చేసుకుంటూ ఉంటే బతుకు చల్లగా గడిచిపోయేది. కానీ అతనికి బొమ్మల కథల పిచ్చి పట్టింది. బీదర్‌లో ఒక అచ్చాఫీసు మూతపడుతుంటే, అక్కడి పాత ట్రెడిల్ మిషను, అదే కాలితో తొక్కి అచ్చు వేసేది, లారీ మీద వేయించుకుని వచ్చాడు. ఇంటి ముందు రేకుల కింద దింపాడు. అతని భార్య శరణమ్మ దాన్ని చూసి, "పెండ్లాన్ని తెచ్చినప్పుడు గూడ ఇంత పైలంగ దించలే" అంది. ఆ కోపం పోవడానికి తన పుస్తకాలకు ఆమె పేరే పెట్టాడు. శరణమ్మ బొమ్మల కథలు.

పుస్తకం అంటే అరచేతిలో పట్టేంత, పలచటి కాగితం. బొమ్మా, దాని కింద రెండు మాటలూ ఒకే చెక్కలో చెక్కేవాడు. కథలకేం కొదవ? బొంబాయి రోడ్డు పక్కనే ఉంది. లారీలు కొట్టే దొంగలు, కుస్తీల్లో మెడలు విరిగినవాళ్లు, దాయాదుల గొడ్డళ్లు. ఆ చుట్టుపక్కల జరిగిందే గీసేవాడు. చదువు రానివాళ్లకు అదే పేపరు. ప్రతి పుస్తకం నడుమ ఒక పేజీ ఎర్రరంగుతో ఉండేది. ఆ రంగు అవతలికి దిగుతుందని దాని వెనక ఖాళీ వదిలేసేవాడు. కొనేవాళ్లు ముందు ఆ పేజీయే తిప్పి, నెత్తురు ఎంతుందో చూసుకుని, నచ్చితేనే కొనేవాళ్లు. చిరాగ్‌పల్లి దాబాల్లో, సోమవారం అంగట్లో అవి "ఎర్ర పేజీ పుస్తకాలు"గానే నడిచేవి.

మిషను తొక్కేవాడు బస్వరాజ్. గంజ్‌లో హమాలీగా మూటలు మోసి, పని లేనప్పుడు ఇటు వచ్చేవాడు. చిన్నప్పుడు జొన్నకొయ్య గుచ్చుకుని అతని ఎడమ కంట్లో తెల్లగా పువ్వు పడింది. ఉన్న ఒక్క కన్నుతోనే అందరినీ వెక్కిరించేవాడు.

"అన్నా, ఈసారి నెత్తురు జర ఎక్కువెయ్యి. పోయిన పుస్తకంల చీమ కుట్టినంతనే ఉన్నదని డ్రైవర్లు తిడుతున్రు."

"రంగు నీ అయ్య ఇస్తడా?"

"మా అయ్య ఎందుకు, వదిననడుగు. నీ ముక్కు మీద ఒక్కటి గుద్దితే డబ్బ నిండుతది."

డెబ్బై తొమ్మిదిలో శివరాత్రి ముందు, గంగమ్మ అనే ఆమె మొగుడంపల్లి దిక్కు నుంచి వచ్చింది. తలుపు దగ్గర నిలబడి, కొంగు ముడి విప్పి, ఒక వెండి కడెం తీసి చెక్కల మధ్య పెట్టింది. దాని మీద కత్తి దిగిన గంటు ఉంది.

"ఇది మా ఆయనది" అంది. "వీరన్న."

గురులింగప్ప ఉలి పక్కన పెట్టాడు. శరణమ్మ నీళ్లు తెచ్చిచ్చింది. గంగమ్మ తాగలేదు.

"చెరుకుకు నీళ్లు మల్పుకునే వంతు మాది. పటేలు మంది ఒద్దన్నరు. మా ఆయన మల్పిండు. ఒకడు రుమాలు మొఖానికి చుట్టుకోని చెరుకు నడుమకెళ్లి వచ్చిండు. చెరుకు నరికే కత్తితోటే... కుడిచెయ్యి అడ్డం వెట్టిండు మా ఆయన. ఈ కడెం మీద వడ్డది మొదటి ఏటు. ఇది షోలాపూర్‌కెళ్లి మా మరిది తెచ్చి, తన చేతులతోటి తొడిగిండు. రెండో ఏటు మెడ మీద వడ్డది. నేను బొర్లవడి వట్టుకుంటే నెత్తురు నా నోట్లకొచ్చింది అన్నా."

"మొఖం కనవడలేదా చెల్లె?"

"కండ్లే కనవడ్డయి. కుడికంట్ల పువ్వు. ఠాణల పేరు చెప్పమన్నరు. పేరు నేనేడకెళ్లి తేను? మా మరిది లారీ మీద బొంబాయి వోయిండు. నువ్వు గియ్యి. జాతరల పది ఊర్లోళ్లు జూస్తరు. ఎవడో ఒకడు గుర్తువడ్తడు."

అలా చెప్పి ఆమె కడెం తీసుకుని బీదర్ దిక్కు సరిహద్దు అవతల తల్లిగారింటికి వెళ్లిపోయింది. ఊళ్లో ఉండాలంటే భయం మరి.

గురులింగప్ప ఆ పేజీని మనసు పెట్టి చెక్కాడు. చెరుకు ఆకులు, ఎత్తిన కత్తి, రుమాలు పైన రెండు కళ్లు. కుడికన్నులో నల్లగుడ్డు లేకుండా తెల్లగా వదిలాడు. వీరన్న కుడిచేతికి కడెం పెట్టి, దాని మీద గంటు కూడా చెక్కాడు. కింద మాటలు మాత్రం అలవాటుగా తిప్పి చెక్కాడు. బొమ్మను తిప్పాలన్న ఆలోచనే రాలేదు. ఇన్నేళ్లూ నెమళ్లూ సింహాలూ చెక్కిన చెయ్యి అది.

బస్వరాజ్ రంగు రుద్ది మిషను తొక్కాడు. మొదటి కాగితం పైకెత్తి చూసి నవ్వాడు.

"ఏందన్నా, నా కన్నే చెక్కినవ్? జీతం పెంచమంటే ఖూనీకోరును జేసినవా?"

"నీ మొఖం అచ్చేస్తే ఎవడు కొంటడు రా? తొక్కు తొక్కు, జాతర దగ్గరికొచ్చింది."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వులో తప్పు కొట్టుకుపోయింది. తన మీద పడబోయే కాగితాలను తనే కట్టలు కట్టి, తనే మోసుకుని ఝరాసంగం జాతరకు తీసుకెళ్లి, "ఖూనీ ఖూనీ, కండ్లార జూడున్రి" అని అరిచి అమ్మాడు బస్వరాజ్. ఒక్కటి మిగల్లేదు.

వీరన్న తమ్ముడు రేవణసిద్ధప్ప బొంబాయి నుంచి తిరిగొస్తూ చిరాగ్‌పల్లి దాబాలో లారీ ఆపాడు. అన్న చనిపోయిన సంగతి అతనికి దారిలోనే తెలిసింది. పక్క మంచం మీదున్న డ్రైవరు పుస్తకం అతని ముందు పెట్టాడు. "మీ అన్నదేనట." అతను ఎర్ర పేజీ తిప్పాడు. చాలాసేపు చూశాడు. ఎడమకంట్లో పువ్వున్నోడు ఎవడని అడిగాడు. దాబాలో ఎవడో, పాపం తెలియక, "గురులింగప్ప మిషను తొక్కెటోనికి ఉంటది" అన్నాడు.

మరునాడు గంజ్ నిండా జనం. అల్లం మూటలు దిగుతున్నాయి. బస్వరాజ్ కాంటా పక్కన కూర్చుని చాయ్ తాగుతున్నాడు. రేవణసిద్ధప్ప వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"మిషను తొక్కెటోనివి నువ్వేనా?"

"నేనే. పుస్తకం గావాల్నా? అయిపోయినయి తమ్మీ."

"జూసే వచ్చిన."

తువాలులోంచి టైరు రాడ్ తీశాడు. మొదటి దెబ్బ మోకాలి మీద పడింది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడు. బస్వరాజ్ పడుతుంటే రెండో దెబ్బ దవడ మీద. చాయ్ గ్లాసు, రెండు పళ్లు కలిసి కిందపడ్డాయి. జనంలో ఒకడు పుస్తకం పైకెత్తి, "వీడే! బొమ్మల ఉన్నోడే!" అని అరిచాడు. ఇక చూడండి, అంతవరకూ వాడితో బీడీలు పంచుకున్నవాళ్లే కాళ్లతో కుమ్మారు. కన్ను సరిపోయింది కదా, ఇంకేం కావాలి జనానికి?

గురులింగప్ప పరుగెత్తుకుంటూ వచ్చి బస్వరాజ్ మీద అడ్డంగా పడ్డాడు. అతని వీపు మీద కూడా దెబ్బలు పడ్డాయి. ఆ తొక్కిసలాటలోనే, దుమ్ములో పడి తెరుచుకున్న పుస్తకం అతని కళ్ల ముందుకు వచ్చింది. రుమాలు పైన తెల్లకన్ను. ఎడమది.

"తప్పు! నా తప్పు! కన్ను మారింది!" అని అరిచాడు. ఎవరు వింటారు? తోటి హమాలీలు నలుగురు కలిసి రేవణసిద్ధప్పను ఎట్లాగో వెనక్కి లాగారు. అతను పోతూ పోతూ, "బతికితే మల్ల వస్త" అన్నాడు.

బస్వరాజ్‌ను సర్కారు దవాఖానాలో వేశారు. దవడ కట్టేశారు, మాట లేదు. అతని భార్య మంచం కోడు పట్టుకుని కూర్చుంది. గురులింగప్ప అంగడంతా తిరిగాడు. దుకాణం దుకాణం ఎక్కి, కుడికన్నును ఎడమకన్ను చేశానని చెప్పాడు. "నీ మనిషిని కాపాడుకుంటున్నవ్" అన్నారు. "ఇన్నేండ్లు సేట్ల పేర్లు తప్పువోలే, ఇప్పుడు కన్ను తప్పువోయిందా?" అని ఎగతాళి చేశారు. చివరికి ఇంటికొచ్చి కొత్త చెక్క ముందేసుకున్నాడు. ఈసారి బొమ్మ తిప్పి చెక్కితే, అచ్చేసి పంచితే, అప్పుడన్నా నమ్ముతారని.

ఆ పని సగంలో ఉండగా తలుపులో ఒకడు నిలబడ్డాడు. దిట్టమైన మనిషి. వీరన్నకు నీళ్లు వద్దన్న పటేలు కొత్తగా తెచ్చుకున్న మాణికప్ప. గురులింగప్ప తలెత్తి చూశాడు. కుడికంట్లో పువ్వు.

"మంచిగ గీసినవ్" అన్నాడు మాణికప్ప, లోపలికొస్తూ. "తప్పు వోయిందని తిరుగుతున్నవట. ఏం తప్పు వోలేదు. బొమ్మ బొమ్మ తీరుగనే ఉన్నది."

గురులింగప్ప చెక్కను ఒళ్లోకి లాక్కున్నాడు. "దవాఖానల బస్వరాజ్ పెయ్యిల పానం లేదు. ఏ పాపం తెల్వనోడు."

"ఎవని నసీబు వానిది. చెక్క ఇయ్యి."

"ఇయ్య."

మాణికప్ప కోప్పడను కూడా లేదు. అతని కుడిచెయ్యి పట్టుకుని మిషను దగ్గరికి ఈడ్చాడు. ట్రెడిల్ మిషనుకు రెండు ఇనుప పలకలు ఉంటాయి, నోరు తెరిచి మూసినట్టు ఆడతాయి. ఆ నోట్లో చెయ్యి పెట్టి, "ఇట్లనేనా తొక్కుడు?" అని అడిగి, తనే తొక్కాడు. ఒకసారి తొక్కి ఆగలేదు. గురులింగప్ప అరుపుకు పక్కింటి మేకలు తాళ్లు తెంచుకున్నాయంటారు.

శరణమ్మ పెరట్లోంచి ఉరికొచ్చింది. చేతికి దొరికింది ఎర్రరంగు డబ్బా. మూత తీసి ఉంది. దాన్ని మాణికప్ప ముఖాన విసిరికొట్టింది. డబ్బా అంచు నుదురు చీల్చింది. రంగూ నెత్తురూ కలిసి మెడ మీదికి కారుతుంటే, వాడు ఆమెను గోడకేసి తోసి, సగం చెక్కిన చెక్కను పొయ్యిలో పారేసి బయటికి పోయాడు. అచ్చు రంగు నీళ్లకు పోదు. కిరసనాయిలు పెట్టి రుద్దినా చెవుల సందుల్లో వారాల తరబడి ఉంటుంది.

చెయ్యి కట్టు కట్టించుకుని వచ్చి గురులింగప్ప మంచం మీద పడుకున్నాడు. ఇక చెక్కేదేముంది? వేళ్లు ఎన్ని మిగిలాయో కూడా కట్టు విప్పితే గానీ తెలియదు. ఎదురుగా తాడుకు, అచ్చు చెదిరిందని మడవకుండా వదిలేసిన ఆ ఎర్ర పేజీ కాగితాలు ఆరేసి ఉన్నాయి. పొద్దు వాలి ఎండ తలుపులోంచి వాటి వెనక పడింది. పలచటి కాగితం కదా, అవతలి వైపు బొమ్మ ఇవతలికి కనిపించింది. అక్షరాలు తిరగబడ్డాయి. మనుషులు మాత్రం సరిగ్గా నిలబడ్డారు. రుమాలు పైన కుడికన్ను తెల్లగా ఉంది. ఇందాక తలుపులో నిలబడినవాడే.

"శరణా, ఆ కాగితం దించు" అంటూ లేచాడు.

అప్పుడే పక్కింటివాళ్లు వచ్చి చెప్పారు, రేవణసిద్ధప్ప లారీ దవాఖానా ముందు ఆగిందని. గురులింగప్ప చెప్పులు కూడా వేసుకోలేదు. కట్టు కట్టిన చెయ్యి గుండెకు ఆనించుకుని, కాగితం పళ్లతో పట్టుకుని ఉరికాడు. దవాఖానా గేటు దగ్గర రేవణసిద్ధప్ప లుంగీ ఎగ్గట్టుకుంటున్నాడు. చంకలో తువాలు, తువాలులో రాడ్.

"జరుగన్నా. నీతోటి నాకు పగ లేదు."

గురులింగప్ప కాగితం ఎడమచేతిలోకి తీసుకున్నాడు. "ఒక్క మాట చెప్పి పో. నీ అన్నకు కడెం ఏ చేతికి తొడిగినవ్?"

రేవణసిద్ధప్ప ఆగాడు. "కుడిచేతికి."

"బొమ్మల జూడు."

అతను చూశాడు. ముఖం ఎర్రబడింది. "ఎడమచేతికి వెట్టినవ్! గాడిది కొడకా, మా అన్న కడెం ఏ చేతికుంటదో తెల్వకుండనే గీసినవా?"

"తెలుసు. మీ వదిన నా ముంగట కడెం వెట్టి చెప్పింది. కుడిచేతికే చెక్కిన. అచ్చుల ఎడమ అయింది. మరి కడెం ఒక్కటే మారుతదా బిడ్డా? నాకొక్క చెయ్యే ఉన్నది. ఈ కొస నువ్వు వట్టు. ఎండకు వెట్టి ఎనుకకెళ్లి చూడు."

రేవణసిద్ధప్ప రాడ్ చంకలోనే ఉంచి, కాగితం అంచు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి దాన్ని ఎండకు ఎత్తారు. అతను మొదట కడెం చూశాడు. కుడిచేతికి వచ్చింది. గంటు కూడా అక్కడే ఉంది. ఆ తర్వాత పైకి చూశాడు, రుమాలు వైపు.

రాడ్ కింద పడి గేటు రాయి మీద మోగింది. అతను అక్కడే మట్టిలో కూలబడి, తల మోకాళ్లలో పెట్టుకున్నాడు. "ఎవన్ని గొట్టిన నేను... ఎవన్ని గొట్టిన" అని గొణిగాడు. అంత పెద్ద మనిషి వీపు ఎగిరెగిరి పడుతుంటే దవాఖానాకు వచ్చినవాళ్లు దూరం జరిగి నడిచారు.

కొంతసేపటికి తలెత్తి, "మరి వాడెవడు?" అని అడిగాడు.

బస్వరాజ్ ప్రాణం అప్పటికే దక్కింది. ఇక్కడ గురులింగప్ప నోరు మూసుకున్నా సరిపోయేది. కానీ కట్టు లోపల చెయ్యి నిప్పుల్లో పెట్టినట్టు మండుతోంది. దాని వైపు చూసుకుని, "చెవుల్ల ఎర్రరంగున్నోడు" అన్నాడు.

రేవణసిద్ధప్ప రాడ్ తీసుకుని లారీ ఎక్కాడు. చిరాగ్‌పల్లి దాటాక రోడ్డు పక్క, పటేలు పంపుసెట్టు దగ్గర మాణికప్ప తల వంచి చెవులు రుద్దుకుంటున్నాడట. తల ఎత్తనివ్వలేదు. కాలువ నీళ్లు ఎర్రగా పారితే, రంగు పోతోందనుకున్నారట దూరంగా కలుపు తీస్తున్నవాళ్లు. రేవణసిద్ధప్ప తనే లారీ తోలుకుంటూ వెళ్లి ఠాణా ముందు ఆపి కూర్చున్నాడు. జైలు పడింది. గంగమ్మ తల్లిగారింటి నుంచి వచ్చి కోర్టులో కడెం చూపించింది. మరిదిని చూసి ఏడ్చింది గానీ, చచ్చిన మాణికప్ప గురించి ఒక్క మాట చెడ్డగా అనలేదు, మంచిగా అనలేదు.

బస్వరాజ్ దవడ వంకరగా అతుక్కుంది. మోకాలు వంగదు. మాట వచ్చిన రోజు గురులింగప్పను దగ్గరికి పిలిచి, "నెత్తురు జర ఎక్కువెయ్యమన్న గదా అన్నా. గింతనా?" అన్నాడు. గురులింగప్ప నవ్వలేకపోయాడు. బస్వరాజే నవ్వి, నొప్పికి దవడ పట్టుకున్నాడు.

తర్వాత శరణమ్మ బొమ్మల కథలు కొన్నాళ్లు వచ్చాయి. చెక్కలు గురులింగప్ప ఎడమచేత్తో చెక్కాడు, గీతలు వంకర పోయేవి. ఎర్ర పేజీ మాత్రం లేదు. నెత్తురు లేని పుస్తకాన్ని డ్రైవర్లు ముట్టుకోలేదు. మెల్లగా మళ్లీ సంచుల ముద్రలకే వచ్చాడు. ఒక్క పని మాత్రం మానలేదు. ఆ జాతర పుస్తకం ఎక్కడ ఉందని తెలిసినా వెళ్లి తెచ్చేవాడు. కొత్తది ఇచ్చి పాతది అడిగేవాడు, ఇవ్వనంటే బతిమాలేవాడు. శరణమ్మ వాటిని స్నానాల నీళ్ల పొయ్యిలో వేసేది. "నీ పేరు కాలుతున్నదే" అని అతనంటే, "పేరుదేమున్నది, నీళ్లయితే కాగుతున్నయి" అనేది.

అన్నీ దొరికాయనుకున్నారు. ఎనభై ఆరులో బస్వరాజ్ కూతురింటికి రాయికోడ్ వెళ్లి వచ్చి, మాటల్లో మాటగా చెప్పాడు. అక్కడ మంగలి దుకాణంలో, అద్దం పక్క గోడకు ఆ ఎర్ర పేజీ అంటించి ఉందట. గడ్డం గీయించుకునేవాళ్లు బొమ్మను చూసి, తర్వాత అతని వైపు చూశారట. మనవడు కూడా పక్కనే ఉన్నాడట.

"పోనీయన్నా. గీసినోనికి ఫికర్ లేకుంటే నాకేంది?" అన్నాడు బస్వరాజ్. ఎప్పటి లాగే ఎగతాళిగానే అన్నాడు.

గురులింగప్ప ఆ రోజే చెక్క ముందేసుకున్నాడు. ఎడమచేత్తో, అక్షరాలూ మనుషులూ అన్నీ తిప్పి చెక్కాడు. ఒక్క కాగితం అచ్చు వేశాడు. బస్వరాజ్ వంగని కాలు పక్కకు చాపి, రెండో కాలితో మిషను తొక్కాడు. కుడికన్ను కుడివైపే పడింది. కడెం కుడిచేతికే ఉంది. శరణమ్మ మైదాపిండి ఉడికించి చిన్న డబ్బాలో పోసిచ్చింది. పాత పేజీ గీకడానికి ఒక ఉలి, తడిబట్ట, అంటించడానికి కొత్త పేజీ, అన్నీ సంచిలో వేసుకుని రాయికోడ్ బస్సు ఎక్కాడు.

బస్సులో గుండె నొప్పి వచ్చింది. సగం దారిలో దింపి చెట్టు నీడన పడుకోబెట్టారు. దవాఖానాకు తేవడానికి జీపు దొరికేలోపే పోయాడు. సంచి మాత్రం ఇంటికి చేరింది. డబ్బాలో పిండి గట్టిపడితే, శరణమ్మ దాన్ని నానబెట్టి కడిగింది. కొత్త పేజీని మడిచి తన పెట్టెలో పెట్టుకుంది. దాన్ని తీసుకెళ్లి అంటించమని బస్వరాజ్‌ను ఒకసారి అడిగింది. "నా కన్ను కాదని నేనే వోయి అంటిస్తే ఎట్లుంటది వదినా?" అన్నాడు అతను. ఆమె మళ్లీ అడగలేదు.

రాయికోడ్‌లో ఆ దుకాణానికి దసరాకు సున్నం వేశారట. పేజీ చుట్టూ వేసి, పేజీని అలాగే వదిలేశారట.